పాడి పాకలో పేడ, మూత్రం: ఎరువు చేసే పద్ధతులలో మీకు ఏది తగినది?

ఇరవై ముర్రా గేదెలను కట్టి మేపే పాకలో రోజుకు తక్కువలో తక్కువ మూడు క్వింటాళ్ల పేడ పోగవుతుంది. గేదెకు పదిహేను కిలోలు అనేది మోస్తరు లెక్క మాత్రమే. పచ్చిమేత, దాణా దండిగా తినే పెద్ద గేదె ఇరవై కిలోలు కూడా వేస్తుంది. మోస్తరు లెక్కనే తీసుకున్నా ఏడాదికి 110 టన్నులు. పాలకు పూటపూటకూ కొలత ఉంటుంది, వెన్న శాతం చూసి చీటీ రాస్తారు. పేడకు అలాంటి చీటీ ఎవరూ రాయరు కనుక అది పాక వెనుక గుట్టగా చేరి, ఎండకు ఎండి, వానకు కారి, వేసవిలో ఎవరో ట్రాక్టర్ తెచ్చి అడిగినప్పుడు చెప్పిన ధరకు వెళ్లిపోతుంది.

పది నుంచి యాభై వరకు పశువులను పాకలోనే ఉంచి మేపుతున్న రైతులను దృష్టిలో ఉంచుకుని ఈ వ్యాసం రాస్తున్నాను. ఇంటి ముందు రెండు ఆవులు ఉన్నవారికి ఇందులో సగం సలహాలు అక్కరలేదు. కుప్ప, గొయ్యి, నాడెప్ తొట్టి (చెత్తతో ఎరువు చేసే తొట్టి), వానపాముల ఎరువు, గోబర్ గ్యాస్, స్లర్రీని (గ్యాస్ ప్లాంటు నుంచి బయటికి వచ్చే పల్చని పేడను) నేరుగా మేత పొలానికి పారించడం, పచ్చిగానే అమ్ముకోవడం అనే మార్గాలలో ఏది మంచిదని అడిగేవారికి నా సమాధానం ఒక్కటే: మీకున్న పొలం, మీ చేతిలో ఉన్న గడ్డీ చెత్తా, పాకలో పని చేసే మనుషులు, ఈ మూడింటిని బట్టి ఎంపిక మారుతుంది. ఎరువు అమ్మకం ధరను మాత్రమే చూసి పద్ధతిని ఎంచుకున్నవారు రెండో ఏడాదికి దానిని వదిలేయడం నేను చాలా పాకలలో చూశాను.

మొదట పట్టుకోవలసింది మూత్రం

పద్ధతులను పోల్చడానికి ముందే ఈ విషయం తేల్చుకోవాలి, ఎందుకంటే ఇక్కడ పోయిన బలాన్ని ఏ పద్ధతీ తిరిగి తీసుకురాలేదు. పచ్చి పేడలో నత్రజని 0.3 నుంచి 0.4 శాతం వరకు ఉంటే, పశువుల మూత్రంలో అది దాదాపు ఒక శాతం ఉంటుంది. పొటాష్‌లోనూ ఎక్కువ భాగం మూత్రంలోనే వస్తుంది. భాస్వరం మాత్రం దాదాపు మొత్తం పేడలో ఉంటుంది. గేదెకు రోజుకు పది లీటర్ల చొప్పున లెక్క వేస్తే, ఇరవై గేదెల మూత్రంలో ఏడాదికి 600 కిలోలకు పైగా నత్రజని బయటికి వస్తుంది. పేడలోని నత్రజని అందులో సగం, అంటే 330 కిలోల దగ్గర ఉంటుంది. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 20.7 కిలోలు కనుక, మూత్రం రూపంలో ముప్పై బస్తాల యూరియాకు సమానమైన బలం ఏటా పాక నేల మీద పడుతున్నదన్నమాట. మనం పారతో ఎత్తి, తట్టలో మోసి, జాగ్రత్తగా కుప్ప వేసేది పదహారు బస్తాల విలువ చేసే పేడను. ముప్పై బస్తాలది కాలువలో పోతుంది.

అది ఎటు పోతుందో తెలుసుకోవడానికి పరికరాలు అవసరం లేదు. తెల్లవారుజామున పాలు పితకడానికి పాక తడిక తీయగానే కళ్లు చుర్రుమనే ఘాటు వస్తుంది చూడండి, అదే అమ్మోనియా. మూత్రంలోని యూరియాను పేడలో ఉండే యూరియేజ్ అనే ఎంజైము గంటల వ్యవధిలోనే అమ్మోనియాగా మార్చేస్తుంది. ఎండ, గాలి తోడైతే అది అక్కడి నుంచి ఎగిరిపోతుంది. గాలికి పోయింది పోగా మిగిలినది పైపు నీళ్లతో కొట్టుకుపోతుంది. ఆ నీళ్లు పక్కనున్న గుంతలో ఇంకితే అందులోని నత్రజని నైట్రేట్ రూపంలో బావిలోకి చేరుతుంది. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని మన భారతీయ ప్రమాణం. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఈ హద్దు దాటిన భూగర్భ జలాలున్న ప్రాంతాలు ఉన్నాయి, దానికి ఎరువులతో పాటు పశువుల వ్యర్థాలు కూడా కారణమే.

కనుక సిమెంటు నేల అయితే నలభై అడుగులకు ఒక అడుగు వాలు ఉండేటట్లు, వాలు చివర లోతు తక్కువగా ఉండే కాలువ, కాలువ చివర మూత పెట్టిన తొట్టి ఉండేటట్లు చూసుకోవాలి. మట్టి నేల అయితే పశువుల కింద పొడి పదార్థం పరచడం ఉత్తమం. వరిగడ్డిని పరచండి అని పుస్తకాలలో సులువుగా రాస్తారు కానీ, మేతకే గడ్డి కొనుక్కునే రైతు దానిని కాళ్ల కింద వేయలేడు. గాడిలో మిగిలిన నేపియర్ గడ్డి మోళ్లు, చొప్ప మొదళ్లు, వేరుశనగ పొట్టు, చెరకు ఆకు, రంపపు పొట్టు, కొబ్బరి పీచు పొడి, వీటిలో మీ ఊరిలో చవకగా దొరికేది పరిస్తే సరిపోతుంది. అవేవీ లేకపోతే పొడి ఎర్రమట్టిని నాలుగు అంగుళాల మందాన వేసి, తడిసిన మట్టిని వారానికి ఒకసారి తీసి ఎరువు గొయ్యిలో వేయడం మన పెద్దలు చేసిన పనే. పాక ఊడ్చిన తరువాత తడి చోట్ల గుప్పెడు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ గానీ జిప్సం గానీ చల్లితే అమ్మోనియా ఆవిరి కావడం తగ్గుతుంది. సూపర్ చల్లితే, పశువుల ఎరువులో సహజంగా తక్కువగా ఉండే భాస్వరం కూడా కొంత చేరుతుంది.

కుప్ప, గొయ్యి, నాడెప్ తొట్టి

కుప్ప వేయడం ఖర్చు లేని పని అనుకుంటాం. మే నెలలో ఒక పాత కుప్పను పారతో నిలువుగా కోసి చూస్తే ఆ ఖర్చు ఎక్కడ దాగిందో కనిపిస్తుంది. పైన జానెడు మందాన పొట్టుకట్టి ఎండిన పేడ. దాని కింద బూడిదలాగా తెల్లబారి, వేలితో నలిపితే పొడిపొడిగా రాలే పొర, అది తేమ చాలక లోపలి వేడికి కాలిపోయిన భాగం. ఇంకా కిందికి పోతే గాలి అందక పచ్చపచ్చగా, జిగటగా, వేసిన నాటి వాసనతోనే ఉన్న పేడ. ఒకే కుప్పలో మూడు రకాలు ఉన్నాయి, మూడింటిలో ఒకటీ ఎరువు కాలేదు. అలాంటి దానిని పొలంలో చల్లితే తుంగ, గరిక, వయ్యారిభామ విత్తనాలను కూడా మనమే చల్లినట్లవుతుంది, ఎందుకంటే కలుపు విత్తనం చావాలంటే కుప్ప అంతటా 55 డిగ్రీలకు పైబడిన వేడి కొన్ని రోజుల పాటు నిలవాలి.

గోదావరి జిల్లాలలో, ముఖ్యంగా కోనసీమలో, కుప్పకు మరొక దోషం ఉంది. కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు కుళ్లుతున్న పేడలో గుడ్లు పెడుతుంది. కుప్ప తిరగేసినప్పుడు బొటనవేలంత లావున, సగానికి వంగి పడుకుని ఉండే తెల్లటి పురుగులు దాని పిల్లలే. కొబ్బరి తోట పక్కన తెరిచిన కుప్ప ఉంచడమంటే తోటకు కావాలని తెగులు పెంచుకోవడం. కదిలించకుండా వదిలేసిన కుప్పలలోనే ఇవి పెరుగుతాయి కనుక రెండు నెలలకు ఒకసారి తిరగేసి, కనిపించిన పురుగులను ఏరి చంపాలి; మెటారైజియం అనే శిలీంధ్రాన్ని కుప్పలో కలపడం కూడా ఫలితాన్నిస్తుంది.

గొయ్యి పద్ధతి కుప్ప కంటే ఎంతో మేలు, నా దృష్టిలో ఇరవై గేదెల పాకలలో అధిక భాగానికి అదే మొదటి ఎంపిక కావాలి. బెంగళూరులో సి.ఎన్. ఆచార్య 1939లో ప్రచారంలోకి తెచ్చిన కందకం పద్ధతే దీనికి మూలం. ఇరవై నుంచి ఇరవై ఐదు అడుగుల పొడవు, ఐదారు అడుగుల వెడల్పు, మూడు అడుగుల లోతు గొయ్యి తీసి, ఒక చివర నుంచి మూడు నాలుగు అడుగుల గదిగా విభజించుకుని, ఆ రోజు పేడను, మూత్రంతో తడిసిన చెత్తను అక్కడే వేస్తూ నేల మట్టానికి అడుగున్నర పైకి వచ్చేదాకా నింపాలి. ఆ భాగాన్ని గుమ్మటంలా సర్ది, పేడ, మట్టి కలిపి మెత్తి, పక్క గదికి జరగాలి. మెత్తడం అనే ఆ చివరి పని బద్ధకించకూడదు. తేమ పోకుండా, అమ్మోనియా ఎగరకుండా, వాన లోపలికి దిగకుండా, ఈగ వాలకుండా కాపాడేది ఆ రెండు అంగుళాల మెత్తే. నాలుగైదు నెలలలో ఎరువు సిద్ధమవుతుంది. మొదటి గొయ్యి మాగేలోగా రెండోది, మూడోది నింపాలి కనుక ఇరవై గేదెలకు కనీసం నాలుగు గోతులు ఉండాలి. నీరు పైకి ఉబికే డెల్టా భూములలో గొయ్యి లోతు అడుగున్నరకు తగ్గించి, చుట్టూ ఇటుక గోడ కట్టి పైకి ఎత్తుకోవాలి. అలా కాకుండా మూడు అడుగులు తవ్వితే శ్రావణంలో అది ఎరువు గొయ్యి కాదు, బురదగుంట అవుతుంది.

నాడెప్ తొట్టి గురించి ఎక్కువ చెప్పను. మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లా పూసద్‌కు చెందిన నారాయణ్ దేవతావ్ పాంఢరీపాండే రూపొందించిన ఈ తొట్టి చక్కని ఆలోచన, కానీ అది పేడ తక్కువ, చెత్త ఎక్కువ ఉన్న రైతు కోసం పుట్టింది. పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, మూడు అడుగుల ఎత్తున్న తొట్టిలో పద్నాలుగు వందల కిలోల చెత్తకు వంద కిలోల పేడ చాలు. మూడు క్వింటాళ్ల పేడను రోజూ ఎత్తే పాకకు దానితో పని జరగదు. పత్తి కట్టె, కంది కట్టె తగలబెట్టే రైతు మీ పొరుగున ఉంటే, అతనికి ఈ తొట్టి గురించి చెప్పి మీ పేడను వంద కిలోలు ఇవ్వండి.

వానపాముల ఎరువు: ఆశ, శ్రమ

వానపాముల ఎరువుకు మంచి ధర పలుకుతుంది, సంచులలో నింపి అమ్ముకోవచ్చు, నగరాలలో మేడ మీద తోటలు పెంచేవారు అడిగి కొంటారు. దీనిలో పోషకాల శాతం మామూలు పశువుల ఎరువు కంటే ఎక్కువే: పశువుల ఎరువులో నత్రజని అర శాతం దగ్గర ఉంటే ఇందులో ఒకటి నుంచి ఒకటిన్నర శాతం వరకు ఉంటుంది. కానీ ఈ తేడాలో పెద్ద భాగం తేమ తక్కువగా ఉండడం వల్ల, బాగా కుళ్లి బరువు తగ్గడం వల్ల వచ్చినదే. వానపాము నత్రజనిని పుట్టించదు. తొట్టిలో మనం వేసినదానినే నలగ్గొట్టి, మొక్కకు సులువుగా అందేటట్లు చేస్తుంది. ఇది గుర్తుంచుకుంటే సొంత పొలానికి వేసుకునే పేడనంతా కష్టపడి వానపాములకు మేపవలసిన అవసరం లేదని తెలుస్తుంది.

నేను మొదటిసారి మడి వేసినప్పుడు చేసిన తప్పు చెబుతాను. ఉదయం ఎత్తిన పచ్చి పేడను నేరుగా మడిలో అడుగు మందాన పోసి, పైన పాములను వదిలాను. మూడో రోజు గోనె పట్టా ఎత్తేసరికి లోపలి నుంచి వెచ్చటి ఆవిరి ముఖానికి తగిలింది. పాములు కొన్ని ఇటుకల సందులలోకి పాకి ముద్దగా చుట్టుకున్నాయి, మిగతావి పాలిపోయి తాళ్లలాగా పడి ఉన్నాయి. పచ్చి పేడ కుళ్లేటప్పుడు పుట్టే వేడిని అవి భరించలేవు. పేడను పదిహేను ఇరవై రోజులు విడిగా ఆరబెట్టి, నీళ్లు చల్లి, రెండుసార్లు తిరగేసి, చేయి పెడితే చల్లగా తగిలిన తరువాతే మడికి ఎత్తాలి. మూడు అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న మడి పనికి అనువుగా ఉంటుంది, ఎటునుంచైనా చేయి అందుతుంది. ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ యూజీనియా అనే రెండు జాతులు మన దగ్గర ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. నలభై ఐదు నుంచి అరవై రోజులలో ఎరువు తీయవచ్చు.

రామగుండం, ఖమ్మం వైపు మే నెల ఎండకు మడిని కాపాడడం చిన్న పని కాదు. తాటాకు పందిరి, దాని కింద గోనె పట్టాలు, రోజుకు రెండుసార్లు నీళ్లు ఉండాలి, ఆ నీళ్లు కూడా ఉప్పగా ఉండకూడదు. చీమలు, ఎలుకలు, కోళ్లు అన్నీ శత్రువులే. మడి చుట్టూ నీటి కాలువ లేకపోతే ఒక్క రాత్రిలో గండుచీమలు సగం ఖాళీ చేయగలవు. ఇంకొక జాగ్రత్త చాలామందికి తెలియదు: పశువులకు నట్టల మందు పట్టిన తరువాత రెండు వారాల పాటు ఆ పేడను మడికి వేయకపోవడం మంచిది, ఎందుకంటే ఆల్బెండజోల్ వంటి మందుల అవశేషాలు పేడలో వచ్చి వానపాములకూ హాని చేస్తాయి. ఇంత పని రోజూ చేయగల మనిషి, పాలు పితికే మనిషికి వేరుగా, మీ పాకలో ఉంటేనే దీనికి దిగండి. ఉన్నా, మొత్తం పేడలో ఐదో వంతుతో మొదలుపెట్టి, అమ్మకం నిలదొక్కుకున్న తరువాత పెంచండి.

గోబర్ గ్యాస్: గ్యాస్ ఎవరు వాడతారు?

ఇక్కడ ప్రశ్నను తలకిందులుగా వేసుకోవాలి. పేడ ఎంత ఉంది అని కాకుండా గ్యాస్ ఎంత కావాలి అని మొదట లెక్క వేయాలి. ఒక ఘనపు మీటరు గ్యాస్‌కు రోజుకు 25 కిలోల పచ్చి పేడ కావాలి. నలుగురైదుగురున్న ఇంటి వంటకు రెండు ఘనపు మీటర్ల ప్లాంటు, అంటే 50 కిలోల పేడ చాలు. మీ దగ్గర ఉన్న మూడు క్వింటాళ్లకు పన్నెండు ఘనపు మీటర్ల ప్లాంటు కట్టవచ్చు; దాని నుంచి రోజూ ఐదు కిలోలకు పైగా వంట గ్యాస్‌కు సమానమైన ఇంధనం వస్తుంది, అంటే మూడు రోజులకు ఒక సిలిండరు. కోవా కాచేవారికి, పాల క్యాన్లు కడగడానికి వేడినీళ్లు కావలసినవారికి, గడ్డి నరికే యంత్రాన్ని, మోటారును జనరేటర్ మీద నడిపేవారికి అది నిజమైన ఆదాయం. ఆ అవసరాలు ఏవీ లేనివారు పెద్ద ప్లాంటు కడితే మిగిలిన గ్యాస్ గాలిలోకి పోతుంది. అందులో సగానికి పైగా ఉండే మీథేన్ వాతావరణాన్ని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే ఎన్నో రెట్లు బలమైనది. కనుక వంటకు మాత్రమే వాడుకునేవారు రెండు లేదా మూడు ఘనపు మీటర్లది కట్టుకుని, మిగిలిన పేడకు గొయ్యి తవ్వుకోవడం సరైన పని.

నమూనాలలో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ వారి తేలే డ్రమ్ము రకం అందరికీ తెలిసినది. గ్యాస్ ఎంత ఉన్నదో డ్రమ్ము పైకి లేచిన ఎత్తే చెబుతుంది, మంట ఒకే వత్తిడితో వస్తుంది. ఇనుప డ్రమ్ముకు ఏటా రంగు వేయకపోతే తుప్పు పట్టి చిల్లులు పడుతుంది, అందుకే ఇప్పుడు ఫైబర్ డ్రమ్ములు వాడుతున్నారు. 1984లో అఫ్‌ప్రో (యాక్షన్ ఫర్ ఫుడ్ ప్రొడక్షన్) అనే సంస్థ రూపొందించిన దీనబంధు నమూనా నేలలోపల ఇటుక గుమ్మటంగా ఉంటుంది. ఇనుము లేదు కనుక చవక, మన్నిక ఎక్కువ, కానీ గుమ్మటం లోపలి గిలాబా చేసే మేస్త్రీకి ఆ పని ముందే తెలిసి ఉండాలి. వెంట్రుకవాసి పగులు పడినా గ్యాస్ నిలవదు, ఆ పగులు ఎక్కడుందో కనిపెట్టడం కష్టం. మేస్త్రీ కట్టిన పాత ప్లాంటు ఒకటైనా మీరు స్వయంగా వెళ్లి, పొయ్యి వెలిగించి చూసిన తరువాతే బయానా ఇవ్వండి. సంచి రకం ప్లాంట్లు ఒక్క రోజులో బిగించవచ్చు, ఎలుక కొరికినా గేదె కొమ్ము తగిలినా అంతే వేగంగా పాడవుతాయి.

మన వాతావరణానికి పేడ ప్లాంటులో ముప్పై రోజులు నిలిస్తే చాలు, అది మన ప్రాంతానికి ఉన్న సౌలభ్యం. చలి ప్రాంతాలలో యాభై ఐదు రోజులు పడుతుంది. పేడ, నీళ్లు సమపాళ్లలో కలపాలి. పాకను ఫినాయిల్‌తో కడిగిన నీళ్లు అందులో పడకూడదు, పడితే గ్యాస్ పుట్టించే సూక్ష్మజీవులు చస్తాయి. తాగునీటి బావికి కనీసం పదిహేను మీటర్ల దూరం ఉండాలి. ఎట్టి పరిస్థితిలోనూ పూడిక తీయడానికని మనిషిని ప్లాంటు లోపలికి దింపకండి. ఖాళీ చేసిన ప్లాంటులోనూ ప్రాణవాయువు ఉండదు, విషవాయువు ఉంటుంది. ఒకరిని కాపాడబోయి ఇంకొకరు దిగి ఇద్దరూ పోయిన ఇళ్లు ఈ దేశంలో ఎన్నో ఉన్నాయి.

బయటికి వచ్చే స్లర్రీ విషయంలో జరిగే నష్టాన్ని ఎవరూ పట్టించుకోరు. ప్లాంటు లోపల నత్రజని పోదు, పైగా మొక్కకు వెంటనే అందే అమ్మోనియం రూపంలోకి మారుతుంది. దానిని తెరిచిన మడులలో పోసి ఎండకు ఎండబెడితే ఆ మారిన భాగమంతా ఆవిరైపోతుంది. స్లర్రీని గడ్డీ చెత్తా నింపిన గొయ్యిలోకి మళ్లించి పీల్చుకోనివ్వండి, లేదా తడిగా ఉండగానే పొలానికి పారించండి.

మేత పొలానికి పారించడం, పచ్చిగా అమ్మడం

పాక పక్కనే నేపియర్ ఉన్న రైతుకు, కడిగిన నీళ్లను, స్లర్రీని కాలువ ద్వారా పైరుకు పారించడం అన్నిటికంటే తక్కువ శ్రమతో మూత్రం విలువను దక్కించుకునే మార్గం. ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది కోతలు ఇచ్చే ఆ గడ్డి నత్రజనిని, పొటాష్‌ను విపరీతంగా లాగుతుంది. కాకపోతే ప్రతిరోజూ ఒకే మడికి పారించడం పెద్ద తప్పు. పాకకు దగ్గరగా ఉన్న మడిలో గడ్డి నల్లపచ్చగా, కణుపులు మెత్తగా, మనిషి ఎత్తు దాటి పెరిగి ఉంటే ఆనందపడకండి. నత్రజని ఎక్కువై, దానికి తోడు నీటి ఎద్దడి వస్తే గడ్డిలో నైట్రేట్ పేరుకుంటుంది; ఆ గడ్డి తిన్న పశువు నోట నురగ కక్కుతూ, శ్వాస ఆడక, రక్తం చాక్లెట్ రంగుకు మారి చనిపోవచ్చు. జొన్న మేతలోనూ ఈ ప్రమాదం ఉంది, లేత జొన్నలో ఉండే సైనైడ్ దీనికి అదనం. అందుకని మడులను నాలుగైదు భాగాలు చేసి, వంతుల వారీగా పారించండి; పారించిన మడిని రెండు మూడు వారాలు ఆగి కోయండి.

పచ్చి పేడను ట్రక్కు లెక్కన అమ్మడం గురించి: గుంటూరు మిర్చి రైతులు, నిజామాబాద్ పసుపు రైతులు ఎకరాకు పది టన్నుల వరకు పశువుల ఎరువు వేస్తారు, వారికి మీ పేడ అవసరమే. స్థలం లేని పట్టణ శివారు పాకలకు ఇదే దారి. పిడకలు చేసి అమ్మే పని మాత్రం మనుషులు దొరకని ఈ కాలంలో మిగులుబాటు కాదు, పేడలోని నత్రజని అంతా పొయ్యిలో పోతుంది.

ఎంత పొలానికి ఎంత ఎరువు

ఇరవై గేదెల పేడ, చెత్త కలిపి మాగిన తరువాత ఏడాదికి 35 నుంచి 45 టన్నుల ఎరువు తేలుతుంది. ఎకరాకు నాలుగు టన్నుల చొప్పున అది తొమ్మిది పదకొండు ఎకరాలకు సరిపోతుంది. మీకు మూడెకరాలే ఉండి, అంతా అక్కడే వేస్తే మొదటి రెండేళ్లు పంట బాగానే కనిపిస్తుంది. ఆపైన భాస్వరం నేలలో పేరుకుంటుంది. పశువుల ఎరువులో నత్రజని మొదటి పంటకు మూడో వంతు మాత్రమే అందుతుంది కనుక, నత్రజని చాలించడానికి ఎరువు పెంచే కొద్దీ భాస్వరం పంట అవసరాన్ని మించిపోతుంది. అమెరికాలో టెక్సాస్, కాన్సాస్, నెబ్రాస్కా రాష్ట్రాలలో వేల కొద్దీ పశువులను ఒకే దొడ్డిలో మేపే ఫీడ్‌లాట్లు సరిగ్గా ఈ చిక్కులోనే పడ్డాయి. అక్కడ వెయ్యి పశువులు దాటిన దొడ్డిని పెద్దదిగా లెక్కించి, వ్యర్థాలు నీటిలో కలిసే చోట అనుమతిని, ఏ పొలానికి ఎంత ఎరువు పోతుందో చెప్పే పోషకాల ప్రణాళికను చట్టం అడుగుతుంది. మన దగ్గర కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పాడి పాకలకు, గోశాలలకు 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. కొత్త పాకకు స్థలం చూసేవారు ఇళ్ల నుంచి, చెరువుల నుంచి ఉండవలసిన దూరాలను ముందే పంచాయతీలో, మండలి కార్యాలయంలో తెలుసుకోవాలి. రెండేళ్లకు ఒకసారి భూసార పరీక్ష చేయించి, భాస్వరం ఎక్కువ అని వస్తే, భాస్వరం దండిగా ఉండే డీఏపీ ఎరువును పూర్తిగా మానేయండి. ఆ ఒక్క మార్పుతోనే పరీక్ష ఖర్చు ఎన్నో రెట్లు తిరిగి వస్తుంది.

మీ పరిస్థితికి ఏది?

పది ఎకరాల సొంత పొలం, పాకలో ఇద్దరు మనుషులు ఉన్నవారు నాలుగు గోతులు, వంటకు చిన్న గోబర్ గ్యాస్, మూత్రానికి తొట్టి ఏర్పాటు చేసుకుంటే ఇంకేదీ వెతకనక్కరలేదు. రెండు మూడు ఎకరాలు మేతకే పెట్టినవారు నీళ్లను మేతకు వంతులుగా పారించి, గట్టి పేడలో కొంత వానపాములకు వేసి, మిగతాది గొయ్యిలో మాగబెట్టి అమ్మవచ్చు. కోవా, పన్నీరు తయారుచేసేవారికి పెద్ద గ్యాస్ ప్లాంటు మొదటి ఎంపిక. కొబ్బరి తోట పక్కన ఉన్నవారు తెరిచిన కుప్పను ఈ వేసవిలోనే తీసేయాలి.

పొలం లేనివారికి నేను ఎక్కువగా చెప్పేది ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం గురించి. వరి రైతు దగ్గర గడ్డి ఉంటుంది, ఎరువు ఉండదు. మీ దగ్గర ఎరువు ఉంటుంది, గడ్డి ఉండదు. కోతల ముందే మాట్లాడుకుని, ఇన్ని కట్టల గడ్డికి ఇన్ని ట్రక్కుల మాగిన ఎరువు అని రాసుకుంటే ఇద్దరికీ డబ్బు చేతులు మారే పని తగ్గుతుంది. ట్రక్కు లెక్కలో తగాదా వచ్చేది తడి దగ్గరే కనుక, ఎరువును పిడికిట్లో గట్టిగా నొక్కి చూడడం ఒప్పందంలో భాగం చేసుకోండి: ముద్ద నిలవాలి, వేళ్ల సందుల నుంచి నీరు కారకూడదు, వాసన తొలకరి మట్టిలా ఉండాలి, పేడ వాసన రాకూడదు. రోహిణిలో తోలించిన ఎరువును చేలో చిన్న చిన్న కుప్పలుగా పోసి మృగశిర దాకా ఎండనివ్వవద్దని, దింపిన రోజే చల్లి దున్నించాలని కూడా ఆ రైతుకు చెప్పండి. ఎరువు నచ్చితే మరుసటి ఏడాది గడ్డి కట్టే ముందు అతనే మీ పాకకు వస్తాడు.